ఇన్‌చార్జి మంచివాళ్లయితే స్టాఫ్ నిలుస్తారా?

రాత్రిడ్యూటీ:
మా వార్డుకు రెండేళ్లలో ముగ్గురు ఇన్‌చార్జిలు మారారు. జీతాలు అవే, పని అంతే. మొదటావిడ ఉన్నన్నాళ్లూ ఒక్కరూ మానేయలేదు. ఆవిడ వెళ్లిన ఆరు నెలల్లో నలుగురు వెళ్లిపోయారు. మరి మనం నిబద్ధత అనుకునేది ఆసుపత్రి మీదా, పైనున్న మనిషి మీదా?

లెక్కతేల్చు:
మనిషి మీద అయితే చిరునవ్వుతో సరిపోయేది. ఒక్క నర్సు ఇద్దరి పని చేస్తుంటే ఏ ఇన్‌చార్జి మాత్రం ఏం చేస్తారు? అమెరికాలో నర్సుల కొరత ఉన్న రోజుల్లో, కొన్ని ఆసుపత్రులకు మాత్రం స్టాఫ్ దొరికేవారు, నిలిచేవారు. నర్సింగ్ అకాడమీ 1983లో అలాంటివి 41 ఎంచి ‘మ్యాగ్నెట్’ అని పేరు పెట్టింది. అక్కడ సరిపడా మనుషులున్నారు. అదీ అసలు సంగతి.

మూడోషిఫ్ట్:
సగమే చెప్పారు. అదే పరిశీలనలో, నర్సుల మాట వినే పైఅధికారులు, నిర్ణయాల్లో నర్సులకు చోటు కూడా కారణాలుగా తేలాయి. సరిపడా మనుషుల్ని ఇమ్మని పైవాళ్లతో పోట్లాడేది ఎవరండీ, ఇన్‌చార్జి కాదా?

ఇంకో మాట. ఉండిపోవడం వేరు, మనసు పెట్టి ఉండటం వేరు. మేయర్, ఆలెన్ అనే పరిశోధకులు 1991లోనే నిబద్ధతను మూడుగా విడదీశారు: ఇష్టంతో ఉండటం, వదిలితే నష్టమని ఉండటం, వదలడం ధర్మం కాదని ఉండటం. హాజరుపట్టీ చూస్తే నా అంత నమ్మకస్తురాలు లేదు. నిజానికి నన్ను కట్టేసింది ఇంటి లోను.

లెక్కతేల్చు:
లోను సంగతి ఒప్పుకుంటున్నా :) కానీ ఇష్టాన్ని ఎలా కొలుస్తారు? స్టాఫ్‌కే ఫారం ఇచ్చి ఇన్‌చార్జి గురించీ, ఉద్యోగం గురించీ ఒకేసారి అడుగుతారు. చిరాకులో ఉన్నవాళ్లు రెండింటికీ తక్కువే వేస్తారు. దాన్నిబట్టి ఇన్‌చార్జే కారణమని ఎలా అంటాం?

మూడోషిఫ్ట్:
ఆ అభ్యంతరం న్యాయమే. అందుకే పొరపాటు జరిగినప్పుడు స్టాఫ్ ఏం చేస్తారో చూడాలంటాను. మందుల పొరపాట్ల మీద ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1996లో ప్రచురించిన పరిశీలనలో, నాయకత్వం బాగున్న యూనిట్లలోనే ఎక్కువ తప్పులు బయటపడ్డాయి. అక్కడ భయం లేక చెప్పుకున్నారు.

రాత్రిడ్యూటీ:
అయితే నాదీ చెబుతా. ఒకసారి డోసు తప్పిచ్చాను. మొదటావిడ ముందు పేషెంట్ దగ్గరికి పరుగెత్తింది, నా దగ్గరికి తర్వాతే వచ్చింది. ఇప్పుడున్నాయన ముందు మెమో రాస్తారు. మొన్న ఒక చిన్న తేడా వస్తే, చెప్పాలా వద్దా అని పది నిమిషాలు ఆలోచించి చెప్పాను.

వేరేచోట దరఖాస్తు కూడా పెట్టాను.