తిత్లీ తుపానులో తడిసి పట్టేసిన చేతక్ ఇంజిను: ఇంటి దగ్గర విప్పుకోవచ్చునా?

ప్రశ్న: ఉద్దానం వాసి

మా ఊరు శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రానికి బాగా దగ్గరగా ఉంటుంది. మా నాన్నగారు 1986లో కొన్న బజాజ్ చేతక్ స్కూటరు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఆయన ఉపాధ్యాయులు. ఇరవై మూడేళ్ళపాటు ఆ బండి మీదే బడికి వెళ్ళివచ్చారు. 2009లో పదవీ విరమణ చేశాక దానిని పశువుల సాలలో పెట్టి, వారానికొకసారి స్టార్టు చేసి కాసేపు నడిపేవారు. ఆయన ఆరోగ్యం దెబ్బతిన్న తరువాత, 2015 నుంచి దానిని ఎవరూ ముట్టుకోలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరం దాటినప్పుడు సాల పైరేకులు లేచిపోయి, బండి రోజుల తరబడి వానలో తడిసింది. పడిపోయిన కొబ్బరి, జీడి తోటల బెంగతో ఉన్న ఆ రోజుల్లో స్కూటరు సంగతి ఎవరికీ గుర్తు లేదు.

నాన్నగారు పోయి ఏడాది దాటింది. అమ్మ కోరిక మీద ఈ బండిని మళ్ళీ నడిచేలా చేయాలని అనుకుంటున్నాను. ప్రస్తుత స్థితి ఇది: కిక్కు రాడ్డు కొంచెం దిగి రాయిలా ఆగిపోతున్నది. న్యూట్రల్‌లో వెనక చక్రం తిరుగుతున్నది, గేరు వేస్తే బిగుసుకుపోతున్నది. ప్లగ్గు విప్పి చూస్తే దాని కొనకు ఎర్రటి తుప్పు పొడి అంటుకుని ఉంది.

సలహాలు ఎవరికి తోచినవి వారు ఇస్తున్నారు. మా మామయ్యగారు ప్లగ్గు రంధ్రంలో కొబ్బరినూనె పోసి వారం ఆగమంటున్నారు. జీడిపప్పు బట్టీలో పనిచేసే ఒకాయన జీడి తొక్కల నూనె అయితే ఎంతటి తుప్పునైనా తినేస్తుందని చెప్పారు. పట్నంలో చూపించిన మెకానిక్కు మాత్రం, ఈ ఇంజినును పాత ఇనుముకు వేసి వేరొక ఇంజిను బిగించుకోవడమే మేలన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. పానాల సెట్టు, ఓపిక, ఆదివారాలు నా దగ్గర ఉన్నాయి. ఇంజిను పని మాత్రం ఇంతకు ముందు చేయలేదు. ఏ ద్రవం పోయాలి, ఎంతకాలం ఆగాలి, కదిలిన తరువాత కిక్కు కొట్టి చూడవచ్చునా అన్నవి తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం 1: బొబ్బిలి పాతబళ్ళు

అయ్యా, ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదనే ఆధారపడి ఉన్నాయి. పిస్టను కదిలినా సరే, కిక్కు కొట్టవద్దు. ఇంజినును రెండు చెక్కలుగా విడదీసి, క్రాంకును (పిస్టను కదలికతో తిరిగే ఇరుసును) కంటితో చూసేదాకా కొట్టవద్దు.

చేతక్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంకు గదిలోకి వచ్చే దారిని తెరిచేదీ మూసేదీ వేరే కవాటం కాదు, క్రాంకు చక్రపు అంచే ఆ పని చేస్తుంది. ఆ అంచు, ఇంజిను కేసులో నున్నగా చెక్కిన ఒక అల్యూమినియం గద్దె మీదుగా, వెంట్రుక పట్టేటంత సందుతో తిరుగుతుంది. లోపల రాలిన తుప్పు రేణువు ఒక్కటి ఆ సందులో చిక్కుకున్న స్థితిలో మీరు బలంగా కిక్కు కొడితే గద్దె మీద గాడి పడుతుంది. పిస్టను పాడైతే కొత్తది దొరుకుతుంది, బోరు (పిస్టను కదిలే సిలిండరు లోపలి రంధ్రం) అరిగితే తిరిగి కోయించవచ్చు, కానీ ఆ గద్దె గీసుకుపోతే మీ నాన్నగారి ఇంజిను కేసే దెబ్బతిన్నట్లు. ఈ బళ్ళను “కదిలించి” చంపినవారిని నేను చాలామందిని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక నూనెల విషయం. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది, మీ దగ్గర మార్గశిరం రాత్రుల్లో అది రింగుల సందులోకి దిగకుండా పైనే గడ్డకడుతుంది. జీడి తొక్కల నూనెను దయచేసి దగ్గరకు కూడా రానీయవద్దు. అది చర్మాన్ని కాల్చడం అటుంచి, వేడి తగిలితే బంకలా గట్టిపడే గుణం దానిది. రంగులలోను, బ్రేకు లైనింగులలోను దానిని వాడేది ఆ గుణం కోసమే. డీజిలు చాలు. ఇంకా చురుకైనది కావాలంటే ఆటోమేటిక్ గేరుబాక్సులకు వాడే పల్చటి నూనెను, అసిటోనును సమపాళ్ళలో కలిపి పోయండి. అసిటోను ఆవిరి ఇట్టే అంటుకుంటుంది కనుక ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి.

బండి మీద ఉండగానే పోస్తే సగం ఫలితమే వస్తుంది. చేతక్ సిలిండరు నిలువుగా కాక వాలుగా ఉంటుంది కనుక, పోసినది పల్లపు పక్కనే నిలిచి ఎగువ పక్క పొడిగా మిగులుతుంది. పిస్టను కిందికి దిగి ఆగిపోయి ఉంటే పోసినదంతా సిలిండరు గోడలోని రంధ్రాల గుండా సైలెన్సరులోకి పోతుంది. అందుచేత ఇంజినును దించి, సిలిండరు ఆకాశం వైపు చూసేలా చెక్క దిమ్మెల మీద నిలబెట్టి అప్పుడు నానబెట్టండి.

దించడం కష్టం కాదు. పెట్రోలు గొట్టం, చోకు, ఏక్సిలరేటరు, క్లచ్చు, రెండు గేరు కేబుళ్ళు, వెనక బ్రేకు కేబులు, కరెంటు తీగలు, ఇవన్నీ విప్పుతూ ప్రతిదానికి గుడ్డ పేలిక కట్టి పేరు రాసుకోండి. వెనక షాకబ్జార్బరు కింది బోల్టు, ముందున్న పొడుగు బోల్టు తీస్తే ఇంజిను చేతికి వస్తుంది. ఆ పొడుగు బోల్టు మాత్రం మిమ్మల్ని ఏడిపిస్తుంది. ఉప్పుగాలికి అది బుష్షు లోపలి గొట్టంతో కలిసి తుప్పు పట్టి ఉంటుంది. వారం ముందునుంచే రోజూ నూనె పోస్తూ, నట్టును చివరి మరల దాకా ఉంచి, ఇత్తడి కడ్డీ అడ్డం పెట్టి కొట్టండి. మరల మీద సుత్తి దెబ్బ నేరుగా పడకూడదు.

ఇంకొక మాట. మాగ్నెట్టు నట్టు, క్లచ్చు నట్టు ఇంజిను పట్టేసి ఉండగానే వదులు చేసుకోండి. మామూలుగా అయితే క్రాంకు తిరిగిపోకుండా ఆపడానికి అవస్థ పడాలి, ఇప్పుడు దానంతట అదే ఆగి ఉంది. క్లచ్చు నట్టుకు పళ్ళున్న ప్రత్యేకమైన సాకెట్టు కావాలి, ఉలి పెట్టి కొట్టవద్దు.

సమాధానం 2: విజయనగరం కోట దగ్గర

పై వారి మాటను గౌరవిస్తూనే నా అనుభవం చెబుతాను. నా చేతక్ కూడా తొమ్మిదేళ్ళు ఆగిపోయి ఉంది. డీజిలు పోసి నాలుగు రోజులు ఆగి, మూడో గేరులో పెట్టి చక్రాన్ని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపితే కదిలింది. ఇంజిను విప్పలేదు, బండి నడిచింది. కాబట్టి ప్రతి బండికీ మొత్తం విప్పక తప్పదని నేను అనను.

కానీ తరువాత జరిగినది కూడా చెప్పాలి. రెండు నెలలకు, నెల్లిమర్ల నుంచి వస్తుండగా వేడెక్కి మళ్ళీ పట్టేసింది. ఈసారి తుప్పు కాదు, వేడి. విప్పించి చూస్తే మాగ్నెట్టు వైపు ఆయిలు సీలు ఎండి పెళుసుబారి ఉంది. ఆ సందులోంచి అదనపు గాలి లోపలికి లాగబడి, మిశ్రమంలో పెట్రోలుతో పాటు, దానిలో కలిపే టూటీ ఆయిలు (టూ-స్ట్రోకు ఇంజిను నూనె) కూడా తగ్గి, పిస్టను పక్కలు గీసుకుపోయాయి. క్లచ్చు వైపు సీలు పోతే గేరు నూనె కాలి తెల్లటి పొగ వస్తుంది కనుక మనకు తెలుస్తుంది, మాగ్నెట్టు వైపుది పోతే పొగ రాదు కనుక అంత సులువుగా తెలియదు. నా బండి ఇంట్లో పొడిగా ఉన్నదే. మీది ఉప్పునీటి గాలిలో ఉండి, పైగా తుపాను వానలో తడిసినది. మీరు విప్పడమే మంచిది.

వేడి చేయమని ఎవరైనా అంటే జాగ్రత్త పడండి. పిస్టను అల్యూమినియం, సిలిండరు పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అందుచేత రెండూ కలిసి కాగితే పట్టు ఇంకా బిగుస్తుంది. సిలిండరు బయటి రెక్కల మీద మరుగుతున్న నీళ్ళు ఒక్కసారిగా పోసి, లోపలి పిస్టనుకు వేడి చేరేలోగా ప్రయత్నించడం ఒక్కటే పనికొస్తుంది. అసిటోను పోసిన ఇంజిను దగ్గర మంట మాట తలపెట్టవద్దు.

ఉద్దానం వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మూడు వారాల పని తరువాత రాస్తున్నాను. పొడుగు బోల్టు ఒక్కటే ఆరు రోజులు తీసుకుంది. ఇంజినును దించి, హెడ్డు విప్పి, నిలబెట్టి నానబెట్టాను. రోజూ పొద్దున పాత ద్రవాన్ని గుడ్డతో పీల్చి కొత్తది పోశాను. మొదట ఎర్రగాను, తరువాత తెల్లటి పిండి కలిసి బూడిద రంగులోను వచ్చింది. పదకొండో రోజున చెక్క దిమ్మె పెట్టి మెల్లగా తట్టితే పిస్టను గోరంత దిగింది. ఆ చప్పుడుకు అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

సిలిండరు బయటకు వచ్చాక పిస్టను తల తుడిచి చూస్తే దాని మీద 0.50 అని అచ్చు ఉంది. అంటే అసలు కొలత కంటే అర మిల్లీమీటరు పెద్దది, నాన్నగారు ఒకసారి బోరు కోయించారన్నమాట, ఆ సంగతి మాకెవరికీ తెలియదు. పై రింగు గాడిలో అతుక్కుని విరిగింది. బోరులో ఒక పక్కన, రింగులు ఆగిన చోట, గోటికి తగిలే గుంటలు ఉన్నాయి. ఇంజిను కేసు ఇంకా విడదీయలేదు. కనెక్టింగ్ రాడ్డును పైకీ కిందికీ ఊపితే ఆట లేదు, కానీ తిప్పుతుంటే ఇసుక నలిగినట్లు చేతికి తెలుస్తున్నది. ఇప్పుడు ఏం చేయాలి?

సమాధానం 3: రాజాం లేతు

నేను లేతు పనివాడిని. ముందు గుంటల గురించి. చేతక్ బోరు అసలు కొలత 57 మి.మీ., స్ట్రోకు (పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం) కూడా 57, అందుకే 145 సి.సి. వస్తుంది. మీ బోరు ఇప్పటికే 57.50 దగ్గర ఉంది. తరువాతి కొలతలు 0.75, 1.00. గుంటలు 0.75కు పోతాయా లేదా అన్నది డయలు గేజీ (సూక్ష్మమైన తేడాలు కొలిచే పరికరం) పెట్టి చూస్తేగాని ఎవరూ చెప్పలేరు. 1.00కు కూడా పోకపోతే కొత్త స్లీవు (సిలిండరు లోపల బిగించే ఇనుప గొట్టం) దిగ్గొట్టించి మళ్ళీ 57కు తెచ్చుకోవచ్చు. ఏది చేసినా పిస్టను ముందు కొని తెచ్చి, దానిని కొలిచి బోరు కోయించండి. ముందే కోసి తరువాత పిస్టను వెదకడం తప్పు.

కోసిన తరువాత రంధ్రాల అంచులను సన్నగా ఏటవాలుగా రుద్దాలి. ఇది చాలా చోట్ల మరిచిపోతారు. ఆ అంచులు పదునుగా ఉంటే కొత్త రింగు వాటికి తగులుకుని మొదటి రోజే విరుగుతుంది. రింగును ఒంటరిగా బోరులో పెట్టి చివరల మధ్య సందు కొలవండి. ఈ కొలత బోరుకు 0.2 నుంచి 0.35 మి.మీ. మధ్య ఉంటే సరి. తరువాత సిలిండరును సబ్బు, వేడినీళ్ళతో కడిగి, తెల్లగుడ్డ తెల్లగానే వచ్చేదాకా తుడిచి, వెంటనే నూనె పూయండి. మీ సముద్రతీరపు గాలికి కొత్తగా కోసిన ఇనుము పూట తిరక్కుండానే ఎర్రబడుతుంది.

ఇసుక నలిగినట్లున్నది రాడ్డు కింది బేరింగో, క్రాంకు బేరింగులో అయి ఉంటుంది. కేసు విడదీయక తప్పదు. రెండు చెక్కల మధ్య స్క్రూడ్రైవరు దూర్చి విప్పవద్దు, అక్కడ గీత పడితే గాలి లాగుతుంది. బేరింగు చుట్టూ కేసును నూరు డిగ్రీల వరకు వేడి చేస్తే అల్యూమినియం వదులై బేరింగు దానంతట అదే జారుతుంది. వ్యాకోచం ఇక్కడ మనకు సాయం చేస్తుంది. రాడ్డు కిట్టు మార్చాలంటే క్రాంకును ప్రెస్సు మీద విడదీసి, మళ్ళీ కూర్చి, రెండు చివరలు ఒకే గీత మీద తిరుగుతున్నాయో లేదో డయలు గేజీతో చూడాలి. ఇది ఇంట్లో చేసే పని కాదు. మాలాంటి వారికి ఇవ్వండి, కానీ గేజీ ముందు మీరు నిలబడి చూడండి. రెండు ఆయిలు సీళ్ళు, బేరింగులు, గ్యాస్కెట్లు అన్నీ కొత్తవే వేయండి.

బిగించాక గేరుబాక్సులో ఎస్‌ఏఈ 30 నూనె పావు లీటరు. మాగ్నెట్టులో ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల సందు 0.4 మి.మీ. దగ్గర. పాత పెట్రోలు గొట్టం తీసేయండి, ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాలు ఉంటున్నది, పాత రబ్బరు దానికి తట్టుకోదు. ట్యాంకులో కలిపిన పెట్రోలును నెలల తరబడి నిల్వ ఉంచవద్దు, ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. లీటరుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు మామూలు లెక్క. మొదటి ఐదారు ట్యాంకులకు 30 కలపండి, పూర్తి ఏక్సిలరేటరు ఇవ్వవద్దు.

ఆ 0.50 పిస్టనును పారేయకండి. శుభ్రం చేసి నూనె రాసి దాచుకోండి. మీ నాన్నగారు దానితో ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగారో దాని పక్కల అరుగుదల చూస్తే తెలుస్తుంది. తెచ్చినప్పుడు నాకూ చూపించండి.