అప్‌డేట్: కుళాయిలన్నీ కట్టేసినా తిరుగుతున్న మోటర్‌హోమ్ పంపు, కారణం దొరికింది

సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. కుళాయిలన్నీ కట్టేసినా మా మోటర్‌హోమ్‌లోని (ఇల్లులా అమర్చిన వాహనం) 12 వోల్టుల నీటి పంపు రాత్రిళ్లు పది నిమిషాలకోసారి గర్రుమంటోందని అడిగాను కదా. బయటి గొట్టం తగిలించే చోట చెక్ వాల్వ్ (నీటిని ఒకవైపే పోనిచ్చే కవాటం) చూడమన్న సలహాయే ఫలించింది. మూత తీస్తే సన్నగా చుక్కలు, కింద గోడ మీద తెల్లటి ఉప్పుచార! వాల్వ్ రబ్బరు కింద ఇరుక్కున్న ఇసుక రేణువును మెకానిక్ చూపించారు. దాంతో వాల్వ్ సరిగా మూసుకోక నీరు కారి, గొట్టాల్లో ఒత్తిడి తగ్గినప్పుడల్లా పంపు తిరుగుతోందన్నమాట. వాల్వ్ మార్చాక రాత్రంతా నిశ్శబ్దమే. పంపు మార్చనక్కర్లేదు, వడపోత జాలీలోనూ దోషం లేదు.

అక్యుములేటర్ ట్యాంకు (లోపలి గాలితో నీటి ఒత్తిడిని నిలకడగా ఉంచే చిన్న ట్యాంకు) కూడా పెట్టించాను. అది లీకును ఆపదు. కానీ కుళాయి కొద్దిగా తిప్పినప్పుడు పంపు టకటక కొట్టుకోవడం పోయింది, పెట్టిన ఖర్చుకు పూర్తి ఫలితం. అందులో గాలి నింపేది మాత్రం గొట్టాల్లో నీటి ఒత్తిడి వదిలేశాకే.