అంబాసిడర్ డ్యాష్‌బోర్డు దీపాలు: పాత బల్బులే ఉంచాలా, ఎల్ఈడీలకు మారాలా?

మార్క్‌ఫోర్_బెజవాడ
నా దగ్గర ఉన్నది 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4. ఇదివరకటి యజమాని బజారులో దొరికే రాకర్ స్విచ్‌లు (ఒకవైపు నొక్కితే రెండోవైపు లేచే, లోపల దీపమున్న స్విచ్‌లు) నాలుగు డ్యాష్‌బోర్డుకు బిగించారు. వాటిలోని చిన్న బల్బుల్లో రెండు అసలు వెలగడం లేదు, మిగిలినవి మినుకుమినుకుమంటున్నాయి. మీటరు దీపం కూడా మసకగా ఉండడం వల్ల రాత్రిపూట పెట్రోలు ముల్లు ఎక్కడుందో తెలియడం లేదు. అన్నింటినీ ఎల్ఈడీలకు మార్చేయమని ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్ సలహా ఇచ్చారు. చేయించవచ్చునా?

బేకలైట్
చేయించకండి. ముందు మల్టీమీటరు తీసుకుని, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఎంత వోల్టేజి ఉందో, బల్బు హోల్డరు దగ్గర ఎంత ఉందో కొలిచి ఇక్కడ రాయండి. ఫిలమెంటు బల్బు, అంటే తీగ వేడెక్కి వెలిగే పాతరకం బల్బు, వెలుగు వోల్టేజితో సమంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజి పదోవంతు తగ్గితే వెలుగు దాదాపు మూడోవంతు పోతుంది. నలభయ్యేళ్ల బండిలో ఎర్త్ కనెక్షన్లు, అంటే కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే చోట్లు, తుప్పుపట్టి, లైట్ స్విచ్ కాంటాక్టులు నల్లబడి ఉంటాయి. దోషం అక్కడుంటే బల్బును నిందించి ప్రయోజనమేమిటి? ఎర్త్ ఉన్న చోట రంగు గీకి, లోహం మెరిసేదాకా ఉప్పుకాగితం పట్టి, హోల్డర్లు శుభ్రం చేసి, మీటరు లోపల పసుపెక్కిన తెల్లరంగు మళ్లీ వేయండి. పాత 2.2 వాట్ల బల్బే మీకు చాలినంత వెలుగిస్తుంది.

గోదారిఅంబీ
ఎర్త్. ఎప్పుడూ ఎర్తే.

రాత్రిప్రయాణం
బేకలైట్ గారు ప్రతి ప్రశ్నకూ ఇదే మందు రాస్తారు. ఎర్త్ శుభ్రం చేయవద్దని ఎవరూ అనరు. అయితే రాకర్ స్విచ్ లోపల ఫిలమెంటు బల్బు గంటల తరబడి వెలిగితే, ఆ వేడికి ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి, చివరికి పెళుసై విరుగుతుంది. నా బండిలో అలా రెండు స్విచ్‌లు పోయాయి. ఎల్ఈడీ వేసిన తర్వాత ఆరేళ్లుగా వాటి జోలికి వెళ్లవలసిన అవసరమే రాలేదు. పైగా పాత వైరు మీద భారం తగ్గుతుంది కదా.

బేకలైట్
వైరు మీద భారమన్న మాట నాకు అర్థం కాలేదు. డ్యాష్‌బోర్డు దీపాలన్నీ కలిపినా ఒక ఆంపియరు అటూఇటూ, అంతే. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిసి తొమ్మిది ఆంపియర్లకు పైగా లాగుతాయి. వైరు మీద జాలి ఉన్నవారు హెడ్‌లైట్లకు రిలే (ఎక్కువ కరెంటును పాత స్విచ్ గుండా పోనివ్వని విద్యుత్ స్విచ్) పెట్టాలి గానీ, స్విచ్‌లోని 1.2 వాట్ల బల్బును పీకడమేమిటి? ఇక డ్యాష్‌బోర్డు వెలుగు తగ్గించే డిమ్మర్ సంగతి చెప్పండి. మీ ఎల్ఈడీలు దానితో తగ్గుతున్నాయా?

రాత్రిప్రయాణం
డిమ్మర్ ఎవరు వాడతారండీ?

బేకలైట్
నేను వాడతాను. ప్యానెల్ డిమ్మర్ అంటే దీపాలకు వరుసలో ఉండే తీగచుట్ట, అంతే. నాలుగు ఫిలమెంటు బల్బులు ముప్పావు ఆంపియరు దాకా తీసుకుంటాయి కాబట్టి, పది ఓమ్‌ల నిరోధంతోనే వెలుగు బాగా తగ్గుతుంది. ఎల్ఈడీలు నాలుగూ కలిసి 80 మిల్లీఆంపియర్లు తీసుకుంటే, ఆ చుట్టలో పడిపోయేది ఒక వోల్టు కూడా కాదు. గుండీ తిప్పినా తిప్పకపోయినా ఒకే వెలుగు ఉంటుంది. పల్స్‌ల పద్ధతిలో, అంటే కరెంటును చకచకా ఆపుతూ ఇస్తూ, పనిచేసే డిమ్మర్ వేరే కొనాలి, దానికి వైరింగు మార్చాలి. ఒక బల్బుతో మొదలైనది ఎక్కడికి పోతుందో చూశారా?

చిలకలూరిపేట_1800
నా అనుభవం కూడా వినండి. నేను ఉత్సాహం కొద్దీ ఛార్జింగ్ హెచ్చరిక దీపాన్ని కూడా ఎల్ఈడీ చేయించాను. నా బండిలో బ్యాటరీని ఛార్జ్ చేసేది ఆల్టర్నేటర్, దాని ఫీల్డుకు (లోపల అయస్కాంతంలా పనిచేసే తీగచుట్టకు) మొదట విద్యుత్తు అందేది ఆ దీపం గుండానే. ఎల్ఈడీ నుంచి వెళ్లేది చాలకపోవడంతో, ఇంజను వేగం బాగా పెంచినప్పుడు తప్ప ఛార్జింగ్ మొదలయ్యేదే కాదు. రోజంతా ఊళ్లో నెమ్మదిగా తిరిగి, రాత్రి హైవే పక్కన బ్యాటరీ చచ్చి నిలబడ్డాను. తర్వాత ఆ ఎల్ఈడీకి సమాంతరంగా 68 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టెన్స్ వేస్తే సరిపోయింది.

రాత్రిప్రయాణం
అది పనివాడి పొరపాటు, ఎల్ఈడీ దోషం కాదు. స్విచ్‌ల గురించి అడిగితే ఆల్టర్నేటర్ దాకా వెళ్లి భయపెట్టడం ఎందుకు?

గోదారిఅంబీ
ఆల్టర్నేటర్‌కు బదులు పాతకాలపు డైనమో ఉన్న బండికి ఈ బాధ లేదు.

సికింద్రాబాద్_పద్మిని
నాది అంబాసిడర్ కాదు, పద్మిని కారు, అయినా ఒక మాట. రాణీగంజ్‌లో కొన్న తెల్లని ఎల్ఈడీ మీటరులో వేస్తే, అంకెలు నీలంగా మెరిశాయి, ఎర్ర ముల్లు మాత్రం దాదాపు మాయమైంది. ఆ వెలుగులో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. పైగా కాంతి ముందుకే దూసుకుపోవడంతో ఒకచోట చుక్కలా వెలిగి అంచులు చీకటిగా మిగిలాయి. పక్కలకు కూడా వెలుగు చిమ్మే వెచ్చని రంగు ఎల్ఈడీ వేశాక బాగుపడింది.

బేకలైట్
అంటే ఇంత వెతికి, ఇంత ఖర్చుపెట్టి, చివరికి పాత బల్బులా కనిపించే ఎల్ఈడీ కొన్నారన్నమాట. పాత బల్బు ధరెంతో తెలుసు కదా?

రాత్రిప్రయాణం
బేకలైట్ గారూ, మీరు బండిని నెలకోసారి గుడ్డ తీసి, తుడిచి, మళ్లీ గుడ్డ కప్పేవారు. నాకు అరవై మూడేళ్లు. కంటిశుక్లానికి ఒక కన్నుకు ఆపరేషన్ అయింది, రెండోది మిగిలి ఉంది. వారానికోసారి చీకటిపడ్డాక ఈ బండిలోనే ఊరికి వెళ్లి వస్తాను. పాతది పాతగానే ఉంచాలంటూ మీరు చెప్పే నీతులు వింటే, నాలాంటివాడు పాత కారు నడపడమే తప్పన్నట్టు ఉంటుంది. 2021 నాటి వింటేజ్ వాహనాల నిబంధనలు కూడా యాభయ్యేళ్లు దాటిన బండ్ల గురించే మాట్లాడతాయి, అవి ఆక్షేపించేది ఛాసిస్, బాడీ, ఇంజను మార్పులను. ఆ రిజిస్ట్రేషన్ తీసుకున్న బండిని రోజువారీ తిప్పడానికి వీల్లేదు. నాకది అక్కరలేదు. ప్రభుత్వం అడగని లెక్క మీరెందుకు అడుగుతున్నారు?

బేకలైట్
మీ కంటి సంగతి నాకు తెలియదు. ఆ మాట మొదటే చెప్పి ఉంటే ఇలా రాసేవాణ్ణి కాదు.

నా సంగతీ చెబుతాను. తొమ్మిదేళ్ల కిందట, వైరింగంతా ఫ్యాక్టరీ నాటిదేనన్న మాట నమ్మి ఒక బండి కొన్నాను. డ్యాష్‌బోర్డు విప్పితే పద్నాలుగు చోట్ల వైరు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి ఉంది. మీటరు దీపం, వైపరు, హారను, అన్నీ ఒకే ఎర్ర వైరుకు వేలాడుతున్నాయి. ఏ వైరు ఎటు పోతోందో కనిపెట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఒకరోజు సాయంత్రం స్టీరింగ్ కింద నుంచి పొగ వచ్చింది, పక్క సీటులో మా అమ్మాయి ఉంది. ఎల్ఈడీ పేరు వింటే నాకు గుర్తుకొచ్చేది ఆ టేపు. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది, ఇకపైన ఉన్న బండ్లే ఉన్నాయి. మన తర్వాత దాన్ని విప్పేవాడి కోసం మనం ఏం మిగులుస్తున్నామన్నదే నా గొడవ.

రాత్రిప్రయాణం
మరి ఇన్ని రోజులు బల్బు గురించి ఎందుకు పోట్లాడారండీ? నేను ఒక్క వైరు కూడా కోయలేదు. అదే హోల్డరులో దిగే ఎల్ఈడీలే వేశాను, తీసిన బల్బులు డబ్బాలో ఉన్నాయి. అయినా ఒక మాట చెబుతాను, కోపగించకండి. కోయవలసి వస్తే కోస్తాను. తర్వాతి యజమాని ఎవరో నాకు తెలియదు. ఈ రాత్రి బండి నడిపేది నేను.

బేకలైట్
ఆ చివరి వాక్యాలతో నేను ఏకీభవించను.

మార్క్‌ఫోర్_బెజవాడ
కొలిచాను. బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు, మీటరు బల్బు దగ్గర 10.4. డ్యాష్‌బోర్డు వెనక ఎర్త్ బోల్టు ఉత్త చేత్తో తిప్పినా తిరిగేంత వదులుగా ఉంది. శుభ్రం చేసి బిగించాక 13.1 చూపిస్తోంది, పెట్రోలు ముల్లు స్పష్టంగా కనిపిస్తోంది. మీటరులో పాత బల్బే ఉంచుతున్నాను. రాకర్ స్విచ్‌లు ఎలాగూ ఫ్యాక్టరీవి కావు కాబట్టి వాటిలో వెచ్చని రంగు ఎల్ఈడీలు వేస్తాను. ఒక స్విచ్‌లో మాత్రం బల్బు కాళ్లు నేరుగా అతికించి ఉన్నాయి, హోల్డరు లేదు. కోయకుండా దాన్ని మార్చే దారి ఉందా?

గోదారిఅంబీ
టంకం కరిగించి తీయండి. అది కోయడం కిందికి రాదు.

బేకలైట్
వస్తుంది. తీసేముందు ఫోటో తీసి పెట్టుకోండి.