నోట్లో వేలు పెట్టి దవడ కండరం నొక్కితే నొప్పి తగ్గుతుందా?

ప్రశ్న (కుట్టుమిషన్):
మూడు నెలలుగా కుడి దవడ నొప్పి. పొద్దున లేవగానే నోట్లో రెండు వేళ్లే పడతాయి, మధ్యాహ్నానికి కాస్త వదులవుతుంది. ఆవులింత వస్తే గడ్డం కింద చెయ్యి అడ్డం పెడుతున్నాను. ముందు చెవి చూపించుకున్నాను, ఏమీ లేదన్నారు. పై పన్ను పీకించుకుందామని వెళ్తే దంతవైద్యురాలు ఒప్పుకోలేదు. పన్ను బాగానే ఉంది, చెంప కండరం బిగుసుకుంది అని ఫిజియోథెరపీకి పంపారు. అక్కడ నోటి లోపలి నుంచి నొక్కుతారట! వినగానే ఒళ్లు జలదరించింది. ఎవరైనా చేయించుకున్నారా? నేను బట్టలు కుడతాను. దారం పళ్లతో తెంపే అలవాటుంది, తిట్టకండి.

జవాబు (రాత్రిపాళీ):
చేయించుకున్నాను. చేతి తొడుగు వేసుకుని బొటనవేలు చెంప లోపల, రెండు వేళ్లు బయట పెట్టి కండరాన్ని పట్టుకుంటారు. ఒకచోట నొక్కగానే నొప్పి సూటిగా పై పన్నులోకి పాకింది. ఏడాదిగా నేను అనుమానిస్తున్న పన్ను అదే! నోట్లో చెయ్యి ఉన్నప్పుడు మాట్లాడలేం కదా, ఆపమనడానికి చెయ్యెత్తాలని ముందే చెప్పించుకోండి. మర్నాడు చెంప పచ్చిపుండులా ఉంది, ఆ తర్వాతి రోజు తేలికపడింది. కానీ రాత్రి పళ్లు గిట్టకరుచుకోవడం మానలేదు కాబట్టి వారానికల్లా మళ్లీ మొదటికొచ్చింది.

జవాబు (ఫిజియోథెరపిస్టును):
ఆ కండరం పేరు మాసెటర్. దాని నొప్పి పళ్లలోకి, చెవిలోకి పాకడం మామూలే. పెద్దవాళ్లకు నోరు సాధారణంగా 40 మిల్లీమీటర్ల పైనే తెరుచుకోవాలి, అంటే సుమారు మూడు వేళ్లు. కీలు కూడా బిగిస్తే కింది దవడ పళ్ల మీద బొటనవేలు ఆనించి మెల్లగా కిందికి లాగుతాం. బలవంతంగా తెరవడం మాత్రం ఉండదు, ఎవరైనా అలా చేస్తే లేచి వచ్చేయండి. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక దవడ నొప్పికి చేతి చికిత్సనూ వ్యాయామాలనూ సిఫారసు చేశాయి. పళ్ల అమరికను శాశ్వతంగా మార్చే తొడుగులను వద్దన్నాయి. నోరు తెరిచేటప్పుడు దవడ కీలులో వచ్చే నొప్పి లేని ‘కటుక్కు’ శబ్దానికి చికిత్స అక్కర్లేదు. ఆ శబ్దం ఉన్నట్టుండి ఆగి నోరు పట్టేస్తే మాత్రం ఆలస్యం చేయకండి. యాభై దాటినవారికి నమిలేటప్పుడు దవడ నొప్పితో పాటు కొత్తగా కణత నొప్పి వచ్చినా, చూపు మసకబారినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అది మసాజుతో పోయేది కాదు.

ఇంట్లో చేయాల్సింది చిన్నదే. పెదవులు కలిసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి, నాలుక కొస ముందు పళ్ల వెనక అంగిటికి తాకాలి.

కుట్టుమిషన్:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న మొదటిసారి వెళ్లాను. రెండుసార్లు చెయ్యెత్తాను, ఆయన రెండుసార్లూ ఆపారు. ఈ పొద్దున రెండు వేళ్ల పక్కన మూడోది సగం పట్టింది. మిషను మీద ‘పళ్లు విడిగా’ అని కాగితం అంటించాను. గంట తిరక్కుండానే చూసుకుంటే దాని కిందే కూర్చుని గుండుసూది పళ్ల మధ్య బిగించి పట్టుకున్నాను.

రాత్రిపాళీ:
కత్తెర మెడలో వేసుకోండి. సూదులకు మణికట్టు దిండు కొనుక్కోండి.