"ఘనవాద్యం"లో ఘనమంటే ఏమిటి?

ప్రశ్న:

వివిధ దేశాల వాద్యాలను పరిచయం చేసే పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. తీగ గాని, తోలు గాని, ఊదే గాలి గాని లేకుండా తన ఒళ్లే కంపించి మోగే వాద్యాన్ని పాశ్చాత్య పండితులు ఇడియోఫోన్ అంటారు. జింబాబ్వేలో షోనా ప్రజలు బొటనవేళ్లతో మీటే ఎంబిరా, జావా గామెలాన్ మేళంలోని కంచు గాంగులు, మన చిడతలు అన్నీ ఈ తెగవే. దీనికి "స్వయంనాద వాద్యం" అని రాసుకున్నాను. "ఘనవాద్యం" అనే పాత మాట ఉందని తెలుసు గాని, అది వింటే చదువరికి "గొప్ప వాద్యం" అని తోస్తుందేమో, కర్ణాటక సంగీతంలోని అయిదు ఘనరాగాల ఘనరాగ పంచకం గుర్తుకు వస్తుందేమో అని వెనుకాడుతున్నాను. పెద్దలు తెలుపగలరు.

జవాబు:

మీ సందేహం సహేతుకమే గాని, ఆ పాత మాటను వదులుకోవద్దని నా మనవి.

భరతుడు నాట్యశాస్త్రం 28వ అధ్యాయంలో "తతం చైవావనద్ధం చ ఘనం సుషిరమేవ చ" అంటూ వాద్యాలను నాలుగు తెగలుగా విభజించి, ఆ వెంటనే తతమంటే తంత్రులు కట్టినది, అవనద్ధమంటే పుష్కరం అనే తోలు వాద్యం, ఘనమంటే తాళం, సుషిరమంటే వేణువు అని విడమరిచాడు. అక్కడ ఘనమంటే తాళం మాత్రమే. అమరకోశంలో అదే మాట "కాంస్యతాలాదికం ఘనమ్" అయింది. నా దృష్టిలో మనకు కావలసిన చోటంతా ఆ "ఆదికం" అన్న పదంలోనే ఉంది. కంచు తాళాలు మొదలైనవన్నీ ఘనమే అన్నప్పుడు గంట, గజ్జె, చిడత, ఘటం అందులో ఇమిడిపోతాయి; వాటి పక్కన ఎంబిరాను కూర్చోబెట్టడానికి అడ్డేమీ లేదు.

"గొప్ప" అనే అర్థం తోస్తుందన్న భయం కూడా అక్కరలేదు. "ఘన" శబ్దాన్ని వ్యాకరణం హన్ ధాతువు నుంచి సాధించి, గట్టిదనం, ముద్దకట్టిన రూపం అనే అర్థం చెబుతుంది. ఘన, ద్రవ, వాయు పదార్థాలని బడిలో చదివిన ప్రతి తెలుగు విద్యార్థికీ ఈ అర్థం ముందే తెలుసు. గట్టి పదార్థమే మోగుతుంది గనుక ఘనవాద్యం అని ఒక్క వాక్యం రాస్తే చాలు. "స్వయంనాదం" అంటే ఎవరూ తాకకుండానే మోగుతుందన్న భ్రమ కలుగుతుంది. ఆ చిక్కు పెద్దది.

ఈ నాలుగు తెగల పద్ధతి యూరప్‌కు కొత్తగా తోచిన కాలం ఒకటుంది. కలకత్తాకు చెందిన శౌరీంద్రమోహన్ ఠాగూర్ 1876లో బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్‌కు సుమారు వంద భారతీయ వాద్యాలను కానుకగా పంపారు. బ్రస్సెల్స్ సంగీత విద్యాలయపు వాద్య ప్రదర్శనశాలను చూసుకున్న విక్టర్ మహియోన్ 1880 నుంచి వెలువరించిన పట్టికలో వాద్యాలను మన నాలుగు తెగలకు సరిజోడైన నాలుగు తరగతులుగా అమర్చాడు. దాన్నే విస్తరించి హార్న్‌బోస్టెల్, సాక్స్ అనే ఇద్దరు సంగీత పండితులు 1914లో ప్రకటించిన వర్గీకరణ నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. విద్యుత్తుతో పలికే వాద్యాలను సాక్స్ 1940లో అయిదో తెగగా చేర్చాడు.

అభ్యంతరం:

అయితే మిగిలిన మూడు మాటలనూ అలాగే ఉంచేద్దామా? సుషిరమంటే రంధ్రం. ఆస్ట్రేలియా ఆదివాసులు తాడుకు పలుచని చెక్క కట్టి గిరగిర తిప్పి మోగించే వాద్యానికి రంధ్రమే లేదు, అయినా అక్కడ గాలే మోగుతుంది. "అవనద్ధం" అనే మాట విద్యార్థి నోట పలకదు. "చర్మవాద్యం" అంటే సరిపోదా?

జవాబు:

సుషిరం విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. పాత పేర్లు వాద్యం తయారైన తీరును చెబుతాయి: సాగదీసి కట్టినది తతం, పైన బిగించి కట్టినది అవనద్ధం, బోలుగా ఉన్నది సుషిరం. 1914 నాటి పద్ధతి ముందుగా ఏది కంపిస్తున్నదని అడుగుతుంది. పిల్లనగ్రోవికి రెండూ ఒకటే, తాడుకు కట్టిన చెక్కకు కావు. కనుక అక్కడ ఇప్పటికే వాడుకలో ఉన్న "వాయువాద్యం" మేలు. అవనద్ధాన్ని మాత్రం నేను విడవలేను. డ్రమ్ములకు ఇప్పుడు ప్లాస్టిక్ పొర బిగిస్తున్నారు, దానిలో చర్మం ఏదీ? అవనద్ధంలో ఉన్నది బిగించి కట్టడం అనే అర్థమే. కట్టినది తోలా, ప్లాస్టిక్కా అన్న పట్టింపు దానికి లేదు.

మీ పాఠంలో జమిడికను తప్పక చేర్చమని కోరుతున్నాను. తెలంగాణలో బైండ్లవారు ఎల్లమ్మ కథకు వాయించేదీ, ఉత్తరాంధ్ర జముకులకథలో వినిపించేదీ ఈ జాతి వాద్యమే. గొట్టానికి ఒక పక్క తోలు మూసి, దాని నడుమ నుంచి నరాన్ని బయటికి తీసి, లాగి వదులు చేస్తూ మీటుతారు. మీటేది తీగను, దాన్ని పట్టి ఉంచేది తోలు. ఇలాంటి వాద్యాలను 1914 వర్గీకరణ అవనద్ధాల్లో చేర్చగా, తీగే మొదట కంపిస్తున్నదని తర్వాతి పండితులు తతాల్లోకి మార్చాలన్నారు. కథకుడు నరాన్ని బిగించి స్వరాన్ని పైకి లాగడం దగ్గరగా విన్నవాడిగా నేను తతం వైపే ఉన్నాను. అవనద్ధమనే వారి వాదం కూడా ఇక్కడ వినాలని ఉంది.