చంద్రుడికి వరదగుడి కడితే కళ్లంలో మిర్చి ఎత్తేయాలా?

ప్రశ్న: ఏప్రిల్‌లో చంద్రుడి చుట్టూ వరదగుడి (వెలుగు వలయం) కనిపిస్తే మర్నాడు గాలివాన ఖాయమేనా? గుడి దూరమైతే వాన దగ్గర అంటారు, నిజమేనా అండీ?

జవాబు: ముందు అది ఏ గుడో చూడండి. చేయి చాచి, వేళ్లు పూర్తిగా విడదీసి, బొటనవేలి కొన చంద్రుడి మీద పెట్టండి. చిటికెనవేలు వలయాన్ని తాకితే అది 22 డిగ్రీల పరివేషం. బాగా ఎత్తున పరుచుకున్న పల్చటి మేఘంలోని మంచు స్ఫటికాలు వెన్నెలను వంచితే ఏర్పడుతుంది. చంద్రుణ్ణి అంటుకున్నట్టుండే చిన్న రంగుల వలయం ఎక్కువగా నీటి బిందువుల వల్ల వస్తుంది.

జవాబు: పై జవాబు సరైనదే. కానీ ఎండాకాలంలో ఆ పల్చటి మేఘం చాలాసార్లు ఎక్కడో ఉరిమిన మేఘం తలనుంచి పరుచుకున్నదే. అందుకే గుడిని చూసి మీ ఊళ్లో వాన అనుకోలేం. మన గాలివానలు మధ్యాహ్నపు ఎండకు పుట్టి, ఎక్కువగా సాయంత్రం విరుచుకుపడతాయి. బంగాళాఖాతం తేమగాలి, ఉక్కపోత, గోపురంలా ఎదిగే తెల్లమేఘం: వీటినే నమ్మండి.

జవాబు: మిర్చి సంగతి. రాత్రి కుప్పచేసి పట్టా కప్పడం మంచుకైనా అవసరమే, గుడి ఉన్నా లేకున్నా. పొద్దున తీయకపోతే లోపల చెమ్మకు బూజు పడుతుంది. అంచులకు ఇసుక బస్తాలు పెట్టండి, గాలి ముందు అక్కడే దూరుతుంది. మధ్యాహ్నం నుంచి వాతావరణ శాఖ 3 గంటల హెచ్చరికలు, పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ చూస్తుండండి. ఉన్నట్టుండి చల్లగాలి తిరిగితే ఇక నిమిషాలే. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు, అంటే పిడుగు సుమారు 10 కిలోమీటర్లలో ఉంది. అప్పుడు మిర్చి వదిలేసి పక్కా ఇంట్లోకి వెళ్లండి, చెట్టు కిందికి మాత్రం వద్దు.