రెండు మోటారు సైకిళ్లను కారు వెనక తీసుకెళ్లడానికి ఎలాంటి ట్రెయిలర్ మంచిది?

ప్రశ్న

నమస్కారం. నా దగ్గర రెండు మోటారు సైకిళ్లున్నాయి. ఒకటి దూర ప్రయాణాలకు వాడే 220 కిలోల బండి, రెండోది మట్టి దారుల్లో తిప్పే 110 కిలోల తేలికపాటి బండి. ఇంతకాలం ఎక్కడికైనా వాటిని నడుపుకుంటూనే వెళ్లేవాణ్ణి గానీ, రోజంతా గుంతల్లో తిరిగాక అదే బండి మీద ఇంటికి చేరేసరికి ఒళ్లు హూనమవుతోంది. అందుకని ఇకమీదట మా తమ్ముడూ నేనూ రెండు బండ్లనూ ట్రెయిలర్ మీద వేసుకుని కారులో వెళ్లాలనుకుంటున్నాం. బ్రేకులు లేని ట్రెయిలర్ అయితే మొత్తం 600 కిలోల వరకు లాగవచ్చనీ, హిచ్ బాల్ (ట్రెయిలర్‌ను తగిలించడానికి కారు వెనక ఉండే ఇనుప గుండు) మీద 75 కిలోలకు మించి బరువు పడకూడదనీ కారు పుస్తకంలో రాసి ఉంది.

ఇప్పటివరకు బ్రేకులు లేనివే మూడు రకాలు చూశాను. మొదటిది మడిచి గోడకు నిలబెట్టుకోగలిగిన చిన్న ట్రెయిలర్. దాని సొంత బరువు 120 కిలోలు, మోయగలిగేది 250 కిలోలు, చక్రాలు చాలా చిన్నవి. రెండోది పైకప్పు లేకుండా చదునైన బల్ల ఉన్నది. సొంత బరువు 190 కిలోలు, ప్లేటు మీద మొత్తం బరువు 750 కిలోలని ఉంది, బల్ల వెనక్కి వాలుతుంది. మూడోది నాలుగు వైపులా మూసి ఉన్న పెట్టెలాంటిది, ఖాళీగానే 400 కిలోలు. వానా దుమ్మూ తగలవు, తాళం వేసుకోవచ్చు కాబట్టి మనసు దాని మీదే ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

సగం జవాబు మీరిచ్చిన అంకెల్లోనే ఉందండీ. మూసిన ట్రెయిలర్ 400 కిలోలు, మీ బండ్లు రెండూ కలిపి 330 కిలోలు. పట్టీలు, పనిముట్లు, పెట్రోలు డబ్బా లెక్కలోకి రాకముందే 730 కిలోలయింది, కాబట్టి అది ఎంత నచ్చినా మీ కారుకు పనికిరాదు. మడత ట్రెయిలర్ పెద్ద బండి ఒక్కదానికైతే సరిపోతుంది గానీ రెండూ ఎక్కవు. ఇక మిగిలింది చదును బల్లది. 190, 330, సామానుకు ఓ 40 కలిపితే 560 కిలోలు, మీ పరిమితికి లోపలే ఉంటుంది. ప్లేటు మీద కనిపించే మొత్తం బరువు అంటే ట్రెయిలర్ సొంత బరువూ, దాని మీది సరుకూ కలిపి అని గుర్తుంచుకోండి. అదంతా సరుకు బరువే అనుకుని కొనేసిన వాళ్లను చాలామందిని చూశాను. బ్రేకులు, లైసెన్సు, రిజిస్ట్రేషను నిబంధనలు ప్రాంతాన్ని బట్టి మారతాయి కనుక డబ్బు కట్టకముందే రవాణా కార్యాలయంలో కనుక్కోండి.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి హిచ్ మీద పడే బరువు. బండ్లెక్కించిన ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా హిచ్ బాల్ మీద పడాలన్నది సాధారణంగా పాటించే కొలత. మీ 560 కిలోలకు 10 శాతం 56 కిలోలు, కారు ఒప్పుకునేది 75 కిలోలు, కాబట్టి మీరు ఈ రెండింటి మధ్యలో ఉండాలి. బరువు వెనక్కి పోయి హిచ్ తేలికైతే, వేగం పెరిగినకొద్దీ ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెట్టి చివరికి కారునే ఈడ్చేస్తుంది. ఎప్పుడైనా అలా ఊగితే బ్రేకు గట్టిగా తొక్కకుండా, స్టీరింగు నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీసేయాలి. ట్రెయిలర్ కొనేముందు ఇరుసు నుంచి హిచ్ దాకా ఎంత దూరముందో టేపుతో కొలవండి. ఆ దూరం ఎక్కువగా ఉన్నది రోడ్డు మీద నిలకడగా నడుస్తుంది, వెనక్కి తీసేటప్పుడు కూడా చెప్పిన మాట వింటుంది. పొట్టిది రివర్సులో చూస్తూండగానే అడ్డం తిరిగిపోతుంది.

రెండో సమాధానం

పైవారు చెప్పిన లెక్క సరైనదే. చక్రాల గురించి నేనొక మాట చేర్చాలి. టైరుతో కలిపి 40 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం కిలోమీటరుకు దాదాపు 800 చుట్లు తిరిగితే, 56 సెంటీమీటర్లది 570 చుట్లు తిరిగితే చాలు. అందుకే దూర ప్రయాణాల్లో చిన్న చక్రాల బేరింగులు త్వరగా వేడెక్కుతాయి, చిన్న గుంటకు కూడా ట్రెయిలర్ ఎగిరిపడుతుంది. ప్రయాణం మధ్యలో ఆగినప్పుడల్లా చక్రం మధ్యభాగం దగ్గర చెయ్యి పెట్టి చూసే అలవాటు నాకుంది. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే గ్రీజు అయిపోయిందనో బేరింగు పోతోందనో అర్థం. పాత ట్రెయిలర్ కొనేవారు చక్రాన్ని జాకీతో పైకి లేపి, చేత్తో తిప్పి, రెండు వైపులా పట్టుకుని ఊపి చూడాలి. గరగర శబ్దం వచ్చినా, వదులుగా కదిలినా బేరింగులు మార్చక తప్పదు. టైర్ల అరుగుదలతో పాటు వయసు కూడా చూడండి. చాలా టైర్ల పక్కన కనిపించే నాలుగంకెల గుర్తులో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. ట్రెయిలర్లు నెలల తరబడి కదలకుండా ఎండలో నిలబడతాయి కాబట్టి, అచ్చులు కొత్తగా కనిపించే టైరు కూడా లోపల బీటలు వారి ఉండవచ్చు.

మీరు చూసిన వాటిలో వెనక్కి వాలే బల్ల ఉండటం నాకు అన్నింటికన్నా నచ్చింది, దానికి కారణం నా సొంత అనుభవం. నా పాత ట్రెయిలర్ బల్ల నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేది, ర్యాంపు పొడవు 2 మీటర్లు, అంటే 17 డిగ్రీల పైచిలుకు వాలు. ఒకసారి ర్యాంపును బల్లకు గొలుసుతో కట్టకుండానే ఇంజను నడుస్తుండగా బండిని పక్కనుంచి ఎక్కిస్తున్నాను. వెనక చక్రం ర్యాంపు మీదికి వచ్చి ఊపు తీసుకోగానే ఆ తోపుకు ర్యాంపు వెనక్కి జారి బల్ల అంచు నుంచి ఊడిపోయింది. బండి నా వైపే ఒరిగింది. క్లచ్ లివరు విరగడంతో పాటు నా మోకాలు ఆరు వారాలు మంచాన పడేసింది. ర్యాంపుతో ఎక్కించే ట్రెయిలరైతే ర్యాంపును కట్టనిదే చక్రం పెట్టకండి, మనిషి నడిచేందుకు పక్కన రెండో పలక వేసుకోండి, సాయానికి ఒకరు లేకుండా బరువైన బండిని ఎక్కించకండి.

మూడో సమాధానం

కట్టే విషయంలో చాలామంది హడావుడి పడతారు కాబట్టి దాని గురించి మాత్రమే రాస్తాను. బండిని సైడు స్టాండు మీద ఉంచి కట్టకూడదు, ముందు చక్రాన్ని చాకులోకి (చక్రం కదలకుండా పట్టుకునేలా బల్లకు బిగించిన ఇనుప చట్రంలోకి) తోసి నిటారుగా నిలబెట్టాలి. ముందు రెండు పట్టీలను హ్యాండిలు చివర్లకు కాకుండా ఫోర్కును (ముందు చక్రానికి రెండు వైపులా ఉండే, స్ప్రింగులున్న గొట్టాలను) పట్టి ఉంచే కింది క్లాంపుకు, మెత్తని లూపుల ద్వారా తగిలించి, రెండు పక్కలకూ ఏటవాలుగా, ముందుకు లాగేలా కట్టాలి. ఫోర్కు దాదాపు సగం దాకా దిగితే చాలు. పూర్తిగా దించేస్తే సీళ్లు దెబ్బతినవచ్చు, పైగా గుంటలో పడినప్పుడు ఆ కుదుపు తీసుకునే చోటే ఉండదు. వెనక మరో రెండు పట్టీలు పక్కకు జరగకుండా ఆపుతాయి. బయలుదేరిన పదిహేను కిలోమీటర్లకు ఒకసారి ఆపి, అన్నింటినీ మళ్లీ బిగించండి, మొదటిసారి ఎప్పుడూ కాస్త వదులవుతాయి.

మరొక్క మాట. 50 మిల్లీమీటర్ల బాల్‌నూ, రెండంగుళాల బాల్‌నూ ఒకటే అనుకోకండి. రెండంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు. కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రెయిలర్ ముందు కొస) మీద ఏ కొలత అచ్చువేసి ఉందో అదే బాల్ వాడాలి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. చదును బల్ల ట్రెయిలరే తీసుకున్నాను. నిన్న సాయంత్రం చదునైన నేల మీద దాన్ని నిలబెట్టి, రెండు బండ్లనూ ఎక్కించి కట్టి, కప్లర్ కింద ఒక కొయ్యముక్క, దాని కింద మనుషులు బరువు చూసుకునే యంత్రం పెట్టి, కారు హిచ్ ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తులో కొలిచాను. 41 కిలోలే చూపించింది. ఇరుసు నుంచి హిచ్ దాకా రెండున్నర మీటర్లు. పెద్ద బండిని 20 సెంటీమీటర్లు ముందుకు జరిపితే 220ని 0.2తో హెచ్చించి 2.5తో భాగించినంత, అంటే 17 కిలోల పైచిలుకు హిచ్ మీదికి వస్తుందని లెక్క తేలింది. చాకు బోల్టులు ఊడదీసి ముందరి రంధ్రాల్లో బిగించి, పట్టీలు మళ్లీ కట్టి చూస్తే యంత్రం 58 దగ్గర నిలిచింది. ఆ బోల్టుల చోటు చుట్టూ తెల్ల రంగుతో గీత గీశాను, తమ్ముడు ఎక్కించినా అక్కడే పెడతాడు.